ఆవిడ ఏమన్నది?

మెడిసిన్ చదివే పిల్లలున్న ఇళ్లలో ఈ వేడుక అందరూ చూసే ఉంటారు. వార్డులకు వెళ్లడం మొదలుపెట్టిన యేడు అబ్బాయిగాని అమ్మాయిగాని సెలవులకు ఇంటికి వస్తే, పెట్టెలోంచి ముందుగా బయటికి వచ్చేది స్టెతస్కోపు. తాతగారి గుండె, అమ్మమ్మగారి ఊపిరితిత్తులు, పక్కింటివారి పిల్లవాడి పొట్ట వరుసగా పరీక్షకు నిలబడవలసిందే. గుండెలో చప్పుడు తేడాగా ఉంటే ఆ గొట్టం చెబుతుంది. ఎముక విరిగితే ఎక్స్‌రే చెబుతుంది. రక్తంలో చక్కెర ఎంత ఉన్నదో లాబొరేటరీ వారు కాగితం మీద రాసి ఇస్తారు.

మరి మనసు చెదిరిన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, "ఈమెకు ఏమయిందో చెప్పు" అంటే ఆ విద్యార్థి ఏ పరికరం బయటికి తీయాలి? తీయడానికి ఏమీ లేదు. తన చెవులు, తన కళ్లు, చేతిలో ఒక నోటుబుక్కు. మానసిక వైద్యంలో వినికిడే పరికరం. అయితే ఈ పరికరం సరిగా పనిచేస్తున్నదో లేదో చూసేదెవరు? బజారులో కొట్లకు తూనికల శాఖవారు వచ్చి, తూకపు రాళ్లను పరీక్షించి ముద్ర వేసి పోతారు గదా! వైద్య విద్యార్థి చెవికి అట్లాంటి ముద్ర పడే చోటు ఒకటున్నది. దానినే కేసు ప్రెజెంటేషన్ అంటారు.

పద్ధతి చెప్పడానికి చాలా సులువు. విద్యార్థి ఒక రోగి దగ్గర గంటో గంటన్నరో కూర్చుంటాడు. బాధ ఏమిటి, ఎన్నాళ్ల నుంచి, ఇంట్లో ఎవరికైనా ఇట్లాంటి జబ్బు ఉన్నదా, చిన్నతనం ఎట్లా గడిచింది, చదువు, పెళ్లి, ఉద్యోగం, జబ్బు రాకముందు మనిషి ఎట్లా ఉండేవాడు, ఇవన్నీ అడిగి రాసుకుంటాడు. తరవాత రోగి వాలకం, మాట తీరు, మనోభావం, ఆలోచనల నడక, లేని మాటలు వినబడుతున్నాయా, జ్ఞాపకశక్తి ఎట్లా ఉంది, తనకు జబ్బున్నదని తనకు తెలుసా అనేవి పరిశీలిస్తాడు. మరునాడు పొద్దున్న ప్రొఫెసరుగారి ముందు, తోటి విద్యార్థుల ముందు అదంతా వినిపిస్తాడు. విన్న తరవాత ప్రొఫెసరుగారు దిద్దుతారు. ఇంగ్లీషులో దీన్ని ఫీడ్‌బ్యాక్ అంటారు గాని, ఇసుకలో వేలు పట్టించి అక్షరాలు దిద్దించిన జాతివాళ్లం, మనకు "దిద్దుబాటు" అన్న మాట చాలు.

ఈ దిద్దుబాటుకు దొరికే కాలం మాత్రం చాలా స్వల్పం. ఎం.బి.బి.యస్. చదువు మొత్తంలో మానసిక వైద్య విభాగంలో విద్యార్థి గడిపేది కొద్ది వారాలే. ఫైనలు పరీక్షలో ఈ శాస్త్రానికి విడిగా పేపరు లేదు. జనరల్ మెడిసిన్‌లో ఒక భాగంగా చేరిపోయింది. అందుచేత ఆ వారాలను విశ్రాంతిగా భావించే విద్యార్థులు లేకపోలేదు. దానికి తోడు, చిన్నప్పటి నుంచి విన్న ఎగతాళి ఒకటి ఉండనే ఉన్నది. వాల్తేరులో 1871లోనే మనోవ్యాధుల ఆశ్రయం వెలిసింది. జాల్నాలో ఉన్న ఆసుపత్రి 1953లో హైదరాబాదు ఎర్రగడ్డకు తరలి వచ్చింది. ఎన్ని వేల కుటుంబాల కన్నీళ్లు తుడిచిన చోట్లో అవి! కాని మన సినిమాల్లో, మన కబుర్లలో "ఎర్రగడ్డకు పంపాలి" అన్నది నవ్వు పుట్టించే మాట. ఆ నవ్వు చెవిలో మోగుతుండగానే విద్యార్థి వార్డు గుమ్మంలో కాలు పెడతాడు.

అక్కడ జరిగే దిద్దుబాటు ఎట్లాంటిదో ఒక కేసు ద్వారా చెబుతాను. ఇది ఏ ఒక్క రోగి కథా కాదు, ఏ ఒక్క ఆసుపత్రి కథా కాదు. బోధనాసుపత్రుల వార్డులలో మళ్లీ మళ్లీ ఎదురయ్యే సంగతులను ఒక చోట కూర్చినది. రోగి ఆంతరంగిక విషయాలను బయటపెట్టరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం స్పష్టంగా చెబుతున్నది; చట్టం లేకపోయినా మర్యాద అనేది ఒకటున్నది గదా.

కోడి కుయ్యకముందే

రోగి ఉత్తరాంధ్ర పల్లె నుంచి వచ్చిన ముప్పై అయిదేళ్ల ఇల్లాలు. విద్యార్థిని పట్నంలో ఇంగ్లీషు చదువు చదువుకున్న పిల్ల. తెలివైనదే. పొద్దున్న నిలబడి చకచకా చదివింది.

"ముప్పై అయిదేళ్ల వివాహిత. ఆరు మాసాలుగా డిప్రెస్డ్ మూడ్, నిద్రలేమి, ఆకలి మందం, పనుల మీద ఆసక్తి లేకపోవడం. నా అభిప్రాయంలో ఇది డిప్రెషన్, సార్."

నాలుగు ముక్కల్లో తేలిపోయింది. తోటివారు శభాష్ అనుకున్నారు. ప్రొఫెసరుగారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అడిగారు.

"ఆవిడ ఏమన్నదమ్మా?"

"డిప్రెస్డ్ మూడ్ అని, సార్."

"ఆవిడ ఇంగ్లీషులో చెప్పిందా?"

వెనక వరుసలో నవ్వులు. పిల్ల మొహం ఎర్రబడింది.

"లేదు సార్. బాధగా ఉంటున్నదని..."

"బాధగా ఉంటున్నదన్నదా? ఆ మాటే అన్నదా? కంగారు పడకు. నీ నోటుబుక్కులో ఏం రాసుకున్నావో అది చదువు."

నోటుబుక్కులో, తిన్నగా రాసిన ఇంగ్లీషు పేజీకి వెనక, పెన్సిలుతో గీకిన నాలుగు తెలుగు ముక్కలున్నాయి. పిల్ల మెల్లిగా చదివింది. "గుండెల మీద రోలెట్టినట్టుంటాది బాబూ. కోడి కుయ్యకముందే మెలకువొచ్చేస్తాది, మరి నిద్దరట్టదు. తెల్లారతందంటేనే బయం. పొద్దుగూకితే కూసింత నయం."

"చూశావా? నువ్వు పడేసిన కాగితంలోనే జబ్బంతా ఉన్నది," అన్నారు ప్రొఫెసరుగారు.

ఆయన ఆ తరవాత చెప్పినది ఇది. నిద్రలేమి అనేది ఒక డబ్బా పేరు. రేపు పరీక్ష అనగా పడుకున్న విద్యార్థికీ నిద్ర పట్టదు. అప్పులవాడు వస్తాడేమోనని భయపడే గుమాస్తాకూ నిద్ర పట్టదు. వాళ్లకు పక్క మీద వాలిన తరవాత కన్ను మూతపడదు. ఈమెకు అట్లా కాదు. నిద్ర పడుతుంది, తెల్లవారక ముందే తెగిపోతుంది. పొద్దున్న దిగులు కొండంత. సాయంకాలానికి కాస్త తగ్గుతుంది. తెల్లవారుజాము మెలకువ, ఉదయం ఎక్కువై సాయంత్రం తేలికపడే దిగులు, ఈ రెండూ లోతైన విషాద రోగానికి వైద్యులు ఏనాటి నుంచో గుర్తుపట్టిన ఆనవాళ్లు. కోడి కూత ఒక్కటీ ఆ ఇల్లాలు చెప్పిన సాక్ష్యం. దానిని "నిద్రలేమి" అని అనువదించగానే సాక్ష్యం మాయమయి తీర్పు మాత్రం మిగిలింది.

ఇక్కడ ఆ పిల్లకు పుస్తకజ్ఞానం లేక కాదు. తెల్లవారుజాము మెలకువను గురించి పరీక్షలో అడిగితే అరపేజీ రాయగలదు. పుస్తకంలో ఉన్నది, రోగి నోట్లో ఉన్నది ఒకటేనని ఆమెకు తట్టలేదు. ఈ శాఖలో విద్యార్థులు చేసే పొరపాట్లలో ఇదే అన్నిటికన్నా ఎక్కువగా కనబడేదని నా అభిప్రాయం. విన్నది వదిలేసి, అనుకున్నది చెబుతారు.

మనవాళ్ల విషయంలో ఈ చిక్కు రెట్టింపు అవుతుంది. రోగి మాట్లాడేది తెలుగు. కేసు షీటు ఇంగ్లీషు. "గుండె దడ", "నరాల వీక్‌నెస్", "తల దిమ్ము", "మనసు మనసులో లేదు" అనే మాటలన్నీ ఆ షీటు మీదికి ఎక్కేసరికి ఒకే గాటన కట్టివేయబడతాయి. కోస్తాలో పెరిగిన విద్యార్థి హైదరాబాదు వార్డులో "పానం మంచిగ లేదు" అనే మాట విని, ఇది ఒంటి సంగతా మనసు సంగతా అని తికమక పడతాడు. నిజానికి చెప్పేవారికి ఆ రెండూ వేరు కావు. "పరేషాన్" అన్న ఒక్క మాటలో చిన్న చికాకు నుంచి పెద్ద ఆందోళన దాకా అన్నీ ఇమిడి ఉంటాయి. మళ్లీ అడిగితే తప్ప తెలియదు. "పరేషాన్ అంటే ఎట్లా ఉంటుందమ్మా, కొంచెం చెప్పండి" అని అడగడానికి డిగ్రీ అక్కరలేదు. ఓపిక కావాలి.

సామెతల పరీక్ష

ప్రెజెంటేషన్ ఇంకా కొంత మిగిలింది. లోతైన అర్థం గ్రహించే శక్తి ఎట్లా ఉన్నదో చూడడానికి రోగిని ఒక సామెత అర్థం అడగడం ఈ శాస్త్రంలో పాత ఆచారం. పుస్తకంలో ఇంగ్లీషు సామెతలుంటాయి. రోమ్ నగరం ఒక్కరోజులో కట్టలేదన్న సామెతను తెలుగు చేసి పల్లెటూరి రైతును అడిగితే, ఆయన "ఆ ఊరెక్కడుందండీ?" అంటాడు. అది జబ్బు కాదుగదా, చక్కని తెలివి. మన విద్యార్థిని అంత దూరం పోలేదు. "ఇల్లు అలకగానే పండుగ కాదు" అన్నదానికి అర్థం అడిగింది.

"అవును తల్లీ. పిండొంటలు సెయ్యాల, పిల్లలకి తలంట్లు పొయ్యాల, ఎంత పనుంటాది!" అన్నదట ఆవిడ.

"అర్థగ్రహణశక్తి మందగించింది, సార్" అని రాసుకున్నది పిల్ల.

ఈసారి ప్రొఫెసరుగారే నవ్వారు. ఇల్లు అలికి, పిండివంటలు వండి, పండుగ భారం నెత్తిన మోసే మనిషిని ఆ సామెత అడిగితే, ఆవిడ తన అనుభవం చెప్పింది. బడికి వెళ్లని మనిషికి సామెతను విడదీసి వ్యాఖ్యానించే అలవాటు ఉండదు. ఒకటి కాదు, రెండు మూడు సామెతలు అడగాలి. ఎంత చదువుకున్నదో పక్కన రాయాలి. నూరులోంచి ఏడు తీసివేస్తూ పొమ్మనే లెక్క కూడా అంతే. అది రాకపోతే కూరగాయల బజారు చిల్లర లెక్క అడిగి చూడాలి. అంతకుముందు మందగించినదని రాస్తే ఆ మాట కేసు షీటులో ఉండిపోతుంది. తరవాత వచ్చిన ప్రతి డాక్టరూ దాన్నే చదువుతాడు.

ఇంకొక సంగతి. "రోగికి తన జబ్బు గురించిన ఎరుక లేదు, గాలి సోకిందని నమ్ముతున్నది" అని కూడా ఉన్నది ఆ కాగితంలో. "అట్లా అని ఎవరన్నారు?" అని అడిగారు ప్రొఫెసరుగారు. విచారిస్తే తేలినదేమంటే, ఆ మాట అన్నది భర్త. ఊళ్లో మంత్రం వేయించినదీ ఆయనే. ఊరంతా నమ్మే నమ్మకం ఒక మనిషి నోట వచ్చినంత మాత్రాన అది పిచ్చి నమ్మకం అవదు. చుట్టుపక్కల వారెవ్వరూ నమ్మనిది, ఎంత రుజువు చూపినా కదలనిది అయినప్పుడే వైద్యుడు దాన్ని రోగలక్షణంగా లెక్క కడతాడు.

మన దేశపు కేసు షీటులో ఒక గడి ఉంటుంది: సమాచారం ఇచ్చినవారు ఎవరు, రోగికి ఏమవుతారు, ఎంతవరకు నమ్మదగినవారు? చాలామంది విద్యార్థులు "భర్త, నమ్మదగినవాడు" అని ఒక్క గీతలో ముగిస్తారు. ఉమ్మడి కుటుంబంలో పుట్టినవారెవరైనా ఈ గడి చూసి చిన్నగా నవ్వుకుంటారు. అత్తగారిని అడిగితే ఒక కథ, పుట్టింటివారిని అడిగితే ఒక కథ. ఈ కేసులో అత్తగారు చెప్పినది "పని ఎగ్గొట్టే ఏసాలు" అని. అది విద్యార్థిని తన కాగితంలో రాయనే లేదు.

"అత్తగారు రేపు కూడా ఉంటారా? ఉంటే ఆవిడతో మళ్లీ మాట్లాడు. జబ్బేమిటని అడగకు. ఏం చూశారని అడుగు" అన్నారు ప్రొఫెసరుగారు.

నూటికి 69, నూటికి 2

ఇదంతా మాటల చాదస్తమని అనుకునేవారుంటారు. పేరు ఏదైతేనేం, మందు ఇస్తే సరిపోదా అని. చరిత్రలోకి పోతే అట్లా అనుకోవడం ఎంత ప్రమాదమో తెలుస్తుంది.

జర్మనీలో హైడెల్‌బర్గ్ ఆసుపత్రిలో పనిచేసిన కార్ల్ యాస్పర్స్ 1913లో మనోవ్యాధుల లక్షణాల మీద ఒక పెద్ద గ్రంథం ప్రకటించాడు. అప్పటికి ఆయనకు ముప్పై యేళ్లు. రోగి అనుభవాన్ని రోగి చెప్పినట్లుగా ముందు వర్ణించండి, సిద్ధాంతం తరవాత అన్నది ఆయన పట్టు. అనుభవంలో రూపం వేరు, విషయం వేరు అని విడదీసి చూపాడు. చెవిలో మాటలు వినబడే రోగి మన వార్డులో అయితే గ్రామదేవత పిలుస్తున్నదంటాడు. లండన్‌లో అయితే పోలీసులు మాట్లాడుకుంటున్నారంటాడు. విషయం వేరు. ఎదుట ఎవరూ లేకుండానే గొంతు బయటినుంచి వినబడడం, అది తన్ను గురించి వ్యాఖ్యానం చేస్తూ పోవడం అనే రూపం మాత్రం ఒకటే. విద్యార్థి దేవత పేరు రాసుకుని, ఆ గొంతు ఎక్కడినుంచి, ఏ తీరున వినబడుతున్నదో అడగకపోతే సగం వదిలేసినట్లే.

యాస్పర్స్ చెప్పిన ఓపికను మరిచిపోతే ఏమవుతుందో 1971లో ప్రకటించిన ఒక పరిశోధన బయటపెట్టింది. బ్రిటిష్ వైద్యుడు రాబర్ట్ కెండెల్, ఆయన సహచరులు రోగులతో జరిపిన ఇంటర్వ్యూలను ఫిల్ముగా తీసి, అవే ఫిల్ములను అమెరికా సైకియాట్రిస్టులకూ బ్రిటిష్ సైకియాట్రిస్టులకూ చూపారు. అందులో ఒక రోగిని చూసి అమెరికావారిలో నూటికి 69 మంది స్కిజోఫ్రీనియా అన్నారు. బ్రిటిష్‌వారిలో ఆ మాట అన్నది నూటికి ఇద్దరు! మనిషి ఒకడే, అతను అన్న మాటలూ ఒకటే. చూసిన డాక్టర్లందరూ చేయి తిరిగినవారే. ఎవరి బడిలో వారు ఆ పేరును ఒక్కొక్క కొలతతో వాడడం నేర్చుకున్నారు, అంతే. న్యూయార్కులోను, లండన్‌లోను రోగులను ఒకే రకమైన ప్రశ్నలతో, ఒకే రకమైన నిబంధనలతో పరీక్షించేసరికి రెండు నగరాల మధ్య ఉన్న తేడా చాలావరకు చెదిరిపోయింది. 1980లో అమెరికావారు రోగనిర్ణయ నిబంధనలను అక్షరాలా రాసిపెట్టుకోవడానికి ఇట్లాంటి పరాభవాలు కూడా ఒక కారణం.

అట్లాంటిక్ సముద్రానికి ఇటూ అటూ ఉన్న మహావైద్యులకే తూకపురాయి తేడా వచ్చినప్పుడు, నెల తిరగని విద్యార్థి సంగతి చెప్పాలా?

మొహమాటపు ప్రశ్న

అసలు గండం ఇంకొకచోట ఉన్నది. ప్రెజెంటేషన్ అయిపోయిందనుకుని పిల్ల కూర్చోబోతుండగా ప్రొఫెసరుగారు, ఈసారి నవ్వకుండా, అడిగారు.

"చచ్చిపోవాలని అనిపిస్తున్నదా అని అడిగావా?"

"లేదు సార్."

"ఎందుకని?"

"మొహమాటమనిపించింది సార్. లేని ఆలోచన మనమే పెట్టినట్లవుతుందేమోనని కూడా..."

ఈ భయం విద్యార్థులకే కాదు, మన ఇళ్లలోనూ ఉన్నది. ఆ మాట ఎత్తడమే అశుభమని నోరు మూయించడం మనకు అలవాటు. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదనీ, పైగా అడిగినప్పుడు మనసులోది చెప్పుకుని తేలికపడేవారే ఎక్కువనీ పరిశోధనలు తేల్చాయి. ప్రొఫెసరుగారు ఆ సంగతి రెండు ముక్కల్లో చెప్పి, తక్కిన పాఠం ఆపేసి, పిల్లను వెంటబెట్టుకుని రోగి మంచం దగ్గరికి వెళ్లారు. మంచం అంచున కూర్చుని, గొంతు తగ్గించి, ముందు నిద్ర గురించి అడిగారు. తరవాత దిగులు గురించి. "ఇంత బాధగా ఉన్నప్పుడు ఇక బతకడమెందుకని అనిపించిన రోజులున్నాయా అమ్మా?"

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి అన్నది. "నూతికాడి కెళ్లాను బాబూ. సంటోడు ఏడుత్తన్నాడు, ఎనక్కొచ్చేశాను."

ఎప్పుడు? పది రోజులైంది. ఇంట్లో ఎవరికీ తెలియదు. చేను ఉన్న ఇల్లు. పురుగుమందు డబ్బా పెరటి గదిలో గూట్లో ఉన్నది.

ఆ మధ్యాహ్నం నుంచి వార్డులో ఆవిడను ఒంటరిగా ఉంచలేదు. ఆవిడకు చెప్పి, ఆవిడ సరేనన్న తరవాతే, భర్తను పిలిచి, పురుగుమందు ఇంట్లో లేకుండా చేయమన్నారు. ఇట్లాంటి స్థితిలో మనిషి చేతికి ఆ డబ్బా అందకుండా ఉండడం ఎంత పెద్ద మందో పల్లెల్లో పనిచేసిన డాక్టర్లను అడిగితే చెబుతారు. 2017 చట్టం కూడా ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన మానసిక వత్తిడిలో ఉన్నట్లుగానే ముందు భావించాలని, ఆ మనిషికి చికిత్స కల్పించడం ప్రభుత్వ బాధ్యత అని చెప్పింది. పాఠకులలో ఎవరి ఇంట్లోనైనా ఇట్లాంటి దిగులున్నట్లయితే, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి-మానస్ వారికి 14416 నెంబరుకు ఫోను చేయవచ్చును. తెలుగులోనే మాట్లాడవచ్చు.

అడగని ప్రశ్న ఏమంత పెద్దదని అనుకునేవారికి నూతి గట్టు మీద నిలబడిన ఆ మనిషి జవాబు.

రక్తపరీక్ష సంగతి కూడా ఆనాడే తేలింది. థైరాయిడ్ చూశావా అంటే, మానసిక వార్డులో అదెందుకని పిల్ల తెల్లబోయింది. లండన్ వైద్యుడు రిచర్డ్ ఆషర్ 1949లో 14 మంది రోగులను వర్ణిస్తూ, థైరాయిడ్ మందగించడం వల్లనే మతి చలించినవారు ఎట్లా ఉంటారో చూపాడు. బొంగురు గొంతు, ఉబ్బిన మొహం, చలికి తట్టుకోలేకపోవడం కళ్లెదుట ఉన్నా, పిచ్చి అనే పేరు పడ్డాక ఎవరూ మెడ వైపు చూడరు. ఆవిడ రక్తం కూడా పంపించారు. ఫలితం మామూలుగానే వచ్చింది. ప్రతిసారీ అట్లా రాదు.

దిద్దడం, తిట్టడం

దిద్దేవారిని గురించి కూడా కొంత చెప్పవలసి ఉన్నది. మన కాలేజీలలో రోగి ఎదుటనే విద్యార్థిని నిలబెట్టి చీవాట్లు పెట్టడం గొప్ప బోధన అనే భ్రమ కొందరికి ఇంకా ఉన్నది. ఆ పద్ధతిలో విద్యార్థి నేర్చుకునేది ఒకటే: మరుసటి రోజు ప్రొఫెసరుగారికి నచ్చే మాటలు ఏరుకుని చెప్పడం. అంటే ఏ జబ్బు కుదర్చాలనుకున్నారో ఆ జబ్బే ముదురుతుంది. రోగి ఏమన్నదో వదిలేసి, ఇప్పుడు గురువుగారికి ఏం కావాలో అన్నది పట్టుకుంటాడు.

ఆస్ట్రేలియాలో 1900లో పుట్టి, లండన్ మాడ్స్‌లీ ఆసుపత్రిలో 1946 నుంచి 1966 దాకా ఆచార్య పదవి నిర్వహించిన ఆబ్రీ లూయిస్ కేసు కాన్ఫరెన్సులంటే కుర్ర డాక్టర్లు గజగజలాడేవారని ప్రతీతి. చెప్పిన ప్రతి మాటకూ ఆధారం చూపమనేవాడట. ఆయన దగ్గర తయారైనవారు తరవాత అనేక దేశాలలో పెద్ద ఆచార్యులయిన మాట నిజమే. కాని గజగజలాడటం వల్ల పెద్దవారయ్యారా, ఆధారం చూపడం అలవాటయి పెద్దవారయ్యారా? నా మట్టుకు నేను రెండవదే అంటాను. వణుకు లేకుండా కూడా ఆధారం అడగవచ్చును.

అమెరికాలో జాక్ ఎండే అనే వైద్యుడు 1983లో రాసిన ఒక వ్యాసం వైద్య బోధకులు ఇప్పటికీ చదువుకునేది. దిద్దుబాటుకూ తీర్పుకూ తేడా ఆయన విడమరచి చెప్పాడు. దిద్దుబాటు సమాచారం, తీర్పు మార్కులు. దిద్దేవాడు తాను స్వయంగా చూసినదాన్నే పట్టుకోవాలి. మనిషిని కాదు, చేసిన పనిని గురించి చెప్పాలి. ఫలానా చోట ఫలానా విధంగా అని చెప్పాలి. "నువ్వు అజాగ్రత్త మనిషివి" అంటే ఆ పిల్ల ఏం చేసుకోవాలి? "పెన్సిలుతో రాసుకున్న నాలుగు వాక్యాలు కాగితం మీదికి ఎక్కించలేదు" అంటే రేపటికి చేయవలసిన పని దొరికింది. గమ్మత్తేమిటంటే, విద్యార్థి రోగి విషయంలో నేర్చుకోవలసినదీ, గురువు విద్యార్థి విషయంలో పాటించవలసినదీ ఒకటే. ముందు చూసినది చెప్పు, పేరు తరవాత పెట్టు.

మన కథలో ప్రొఫెసరుగారు మంచం దగ్గర పిల్లను ఒక్క మాట అనలేదు. ఇవతలికి వచ్చాక, వరండాలో, "ఆవిడ కథ వింటుంటే నీకెట్లా అనిపించింది?" అని అడిగారు. పిల్ల కొంచెం తడబడి, ఎందుకో నిన్నంతా బరువుగా ఉందనీ, హాస్టలుకు వెళ్లాక అన్నం సయించలేదనీ చెప్పింది. "అది కూడా రాసుకో. రోగి మనలో పుట్టించే బరువు కూడా ఒక లక్షణమే. అది నీ దగ్గర ఎంత, ఆవిడ దగ్గర నుంచి వచ్చినది ఎంత అన్నది విడదీసుకోవడం నెమ్మదిగా వస్తుంది. ఆ బరువును తప్పించుకోవడానికే మనం తొందరపడి పేరు పెట్టేస్తాం" అన్నారాయన.

మరునాడు విద్యార్థిని అత్తగారి కోసం వరండాలో వెతికింది. ముసలావిడ గోడకు జారగిలబడి చుట్ట చుట్టుకుంటున్నది. పిల్ల పక్కనే చతికిలబడింది. జబ్బేమిటని అడగలేదు. "మీ కోడలిలో మీరు ముందుగా ఏం మార్పు చూశారు మామ్మా?" అన్నది.

"ఏసాలమ్మా, ఏసాలు" అన్నది ముసలావిడ అలవాటుగా.

పిల్ల లేవలేదు. కాసేపు ఊరుకున్నది. అత్తగారు చుట్ట పక్కన పెట్టింది.

"సంకురేత్రికి ముగ్గెట్టలేదు తల్లీ. కాపరానికొచ్చి పదిహేనేళ్లయింది, ఒక్క ఏడు మానలేదు. నీళ్లాడిన మూడోనాడు కూడా సంటోణ్ణి నా సేతికిచ్చి ముగ్గెట్టింది. ఈ యేడు వాకిలి ఊడిసి, సిప్ప సేత్తో ఎట్టుకుని అలాగే నిలబడిపోనాది. నాను సూసాను."

విద్యార్థిని నోటుబుక్కు తెరిచి, తెలుగులోనే, ముసలావిడ అన్నది అన్నట్లుగా రాసుకోవడం మొదలుపెట్టింది.